పాత ఊళ్ళ కచేరీలు: ఎడిన్‌బరో నుంచి గ్లాస్గో దాకా

స్కాట్లండులో రాజుగారి పట్టాతో వెలసిన పాత పట్టణాలకు మూడు గుర్తులు ఉండేవి. సంత నడుమ ఒక రాతి స్తంభం, సరుకు తూచడానికి ఒక పెద్ద త్రాసు, సంత సుంకం వసూలు చేయడానికి టోల్‌బూత్ అనే ఒక భవనం. ఆ పేరు వినగానే మనకు హైవే మీది ఫాస్టాగ్ గేటు గుర్తుకు వస్తుంది గాని, ఇది అలాంటిది కాదు. సుంకం కట్టించుకున్న కప్పు కిందనే పట్టణ పెద్దలు సభ తీర్చేవారు, అక్కడే తగవులు విని తీర్పు చెప్పేవారు, తప్పు చేసినవాణ్ణీ బాకీ పడ్డవాణ్ణీ అదే భవనంలోని చీకటి గదుల్లో పెట్టి తాళం వేసేవారు, పైన గోపురంలో గంట కొట్టి ఊరికంతటికీ వేళ తెలిపేవారు.

నేను అనంతపురం జిల్లాలో రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో చేరిన నాడు నేను చూసిన తాలూకా కచేరీలో తహశీల్దారు కోర్టు హాలు, సబ్ ట్రెజరీ, సబ్ జైలు మూడూ ఒకే ప్రహరీ లోపల ఉండేవి. ఖజానా గదికీ ఖైదీలకూ కలిపి ఒకే పోలీసు గార్డు కాపలా ఉండేది. అందుచేత గ్లాస్గోలో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడి దగ్గరికి వెళ్ళినప్పుడు, కోటలూ సరస్సులూ చూద్దామన్న మా ఆవిడ మాటకు సగం ఒప్పుకుని, మిగతా సగం రోజులను ఈ టోల్‌బూత్‌ల కోసం అడిగి తీసుకున్నాను.

ఎడిన్‌బరో, మంగళవారం

రైలు స్టేషను నుంచి సన్నటి మెట్ల సందు ఒకటి ఎక్కితే రాయల్ మైల్ అనే పాత రాజవీధి వస్తుంది. పైన కోట, కింద హోలీరూడ్ రాజభవనం, నడుమ సుమారు మైలు పొడవున రాళ్ళు పరచిన దారి, రెండు వైపులా నాలుగైదు అంతస్తుల నల్లబడిన రాతి ఇళ్ళు. శాలువలు అమ్మే దుకాణం ముందు నిలబడి ఉన్న పెద్దమనిషిని పాత టోల్‌బూత్ ఎక్కడ అని అడిగితే, ఆయన ఎంతో నమ్మకంగా వీధి పైకొసన ఆకాశంలోకి పొడుచుకుపోయిన ఒక శిఖరాన్ని చూపించాడు. ఎగువకు నడిచి చూస్తే అది 1840లలో కట్టిన చర్చి. టోల్‌బూత్ పేరు పెట్టుకున్న ఒక చర్చి సంఘం కోసం కట్టడం వల్ల ఆ పేరు దానికి అంటుకుంది. ఇప్పుడు అది ఎడిన్‌బరో అంతర్జాతీయ ఉత్సవం వారి కార్యాలయం. భవనం దర్జాగా ఉంది, కాని అక్కడ ఎవరికీ ఎన్నడూ సంకెళ్ళు పడలేదు. మళ్ళీ వెనక్కి దిగాము.

అసలైన పాత టోల్‌బూత్ ఇప్పుడు లేదు. సెయింట్ జైల్స్ చర్చి పక్కన, వీధిలోకి అడ్డంగా చొచ్చుకొచ్చి ఉండిన ఆ భవనాన్ని 1817లో పడగొట్టారు. ఒకప్పుడు స్కాట్లండు పార్లమెంటూ పెద్ద న్యాయస్థానమూ అందులోనే కూర్చునేవి; అవి వేరే భవనానికి మారిన తరువాత మిగిలింది జైలు ఒక్కటే. దాని గోడలు ఎక్కడిదాకా ఉండేవో తెలిపేందుకు నేల రాళ్ళ మధ్య ఇత్తడి ముక్కలు పొదిగారు. వాకిలి ఉండిన చోట రంగురాళ్ళతో హృదయం ఆకారం అమర్చి ఉంది. మేము చూస్తుండగానే కోటు, టై వేసుకున్న ఒక ఉద్యోగి, నడక ఆపకుండానే, దాని మీద ఉమ్మి వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఉలిక్కిపడి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కకు జరిగింది. జైలు మీది అసహ్యంతో మొదలైన అలవాటనీ, ఇప్పుడు అదృష్టం కలిసి వస్తుందని ఉమ్ముతారనీ అల్లుడు చెప్పాడు. 1650లో రాజు పక్షాన పోరాడిన మాంట్రోజ్ ప్రభువును ఉరితీసి, తలను ఈ భవనం మీది ఇనుప ముల్లుకు గుచ్చితే, అది 1661 దాకా, అంటే పదకొండేళ్ళు, అక్కడే ఉండిపోయింది. 1736లో పోర్టియస్ అనే పోలీసు దళపతిని జనం ఈ జైలు తలుపు కాల్చి, లోపలి నుంచి ఈడ్చుకుపోయి, గ్రాస్‌మార్కెట్ బజారులో ఉరి వేశారు. అధికారం మీద ఇంత కసి మోసిన భవనానికి ఉమ్మిలో గౌరవం దక్కడం విచిత్రమే. దాన్ని కూల్చినప్పుడు తలుపును నవలాకారుడు వాల్టర్ స్కాట్ తన ఇంటికి తీసుకుపోయి అక్కడ గోడకు అమర్చుకున్నాడు.

నిలబడి ఉన్న టోల్‌బూత్ కోసం ఇంకా దిగువకు, కానన్‌గేట్ వైపు నడవాలి. కానన్‌గేట్ 1856 దాకా ఎడిన్‌బరోలో కలవని వేరే పట్టణం. దాని కచేరీ దానిది. 1591లో కట్టిన ఆ భవనం ఇప్పటికీ వీధి అంచున నిలిచే ఉంది. ఎత్తు పెద్దగా లేదు. చతురస్రపు గోపురానికి రెండు మూలలా శంఖువు టోపీ పెట్టుకున్న చిన్న బురుజులు, వాటిలో తుపాకీ గొట్టం పట్టేటంత రంధ్రాలు. సుంకం కట్టించుకునే చోటికి అంత ధైర్యం కావలసి వచ్చింది. గోడ నుంచి వీధి మీదికి చాచిన ఇనుప కమ్ములకు వేలాడే పెద్ద గడియారం మాత్రం 1884 నాటిది. నాకు అన్నిటికంటే నచ్చింది వెలుపలి రాతి మెట్లు. కచేరీ గది మొదటి అంతస్తులో ఉంటుంది, దానికి దారి భవనం లోపలి నుంచి కాదు, బజారులో అందరి కళ్ళ ముందు నుంచి. ఫిర్యాదీ అయినా ముద్దాయి అయినా ఊరు చూస్తుండగా ఆ మెట్లు ఎక్కి దిగవలసిందే. కింది అంతస్తులో ఇప్పుడు బీరు అమ్ముతున్నారు, పై అంతస్తుల్లో నగరపు మామూలు జనం బతుకుల మీద మ్యూజియం. మేము చేరేసరికి వేళ దాటింది.

పక్కనే ఉన్న చర్చి ఆవరణలో ఆడమ్ స్మిత్ సమాధి ఉంది. అర్థశాస్త్రం వాళ్ళు ఆయన్ను తమవాడు అనుకుంటారు గాని, 1778 నుంచి 1790లో చనిపోయేదాకా ఆయన స్కాట్లండు కస్టమ్స్ కమిషనరు, అంటే మా శాఖ మనిషే. ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి, ఎలా కట్టాలి అన్నది కట్టేవాడికి ముందే స్పష్టంగా తెలిసి ఉండాలని పన్నుల గురించి రాసినవాడు. మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఉండగా నేను కాసేపు అక్కడే నిలబడ్డాను.

రాత్రి తిండికి వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు పొట్లం కట్టిచ్చే దుకాణానికి వెళ్ళాము. కౌంటరులోని అబ్బాయి తల ఎత్తకుండానే ఉప్పూ సాసూనా అని అడిగాడు. ఎడిన్‌బరోలో వెనిగరు కలిపిన గోధుమరంగు సాసు చల్లుతారు. గ్లాస్గోలో ఉప్పూ వెనిగరూ మాత్రమే. ఈ విషయంలో రెండు ఊళ్ళవాళ్ళూ తగవు పడతారట. గుంటూరు కారం తిన్న నోటికి రెండూ ఒకటే గాని, పుల్లటి సాసు వేడి ముక్కల మీద బాగానే కుదిరింది. పొట్లం పన్నెండు పౌండ్ల పైమాట. చేప ముట్టని మా ఆవిడకు ఒట్టి దుంప ముక్కలు నాలుగున్నర పౌండ్లు.

కూరస్, బుధవారం

డన్‌ఫర్మ్‌లిన్ నుంచి బస్సు ఫోర్త్ నదీముఖం వెంట పోతుంది. దిగేటప్పుడు ప్రతి ప్రయాణికుడూ, బడిపిల్లలతో సహా, డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగడం చూశాము, మేమూ చెప్పాము. కూరస్ అన్నది కొండ వాలుకు అతుక్కున్న చిన్న ఊరు. ఎర్ర పెంకుల ఇళ్ళు, మెట్లు మెట్లుగా ఎక్కే ముక్కోణపు పక్కగోడలు, పసుపు సున్నం పూసిన పెద్ద మేడ. ఆ మేడను జార్జ్ బ్రూస్ అనే బొగ్గు వ్యాపారి 1597, 1611 మధ్య కట్టించాడు. సముద్రం అడుగున సొరంగం తవ్వి బొగ్గు తీసిన ఘనుడు ఆయన. బొగ్గూ ఉప్పూ ఎక్కించుకుని పోయిన ఓడలు తిరిగి వచ్చేటప్పుడు బరువు కోసం వేసుకొచ్చిన డచ్చి పెంకులే ఊరి ఇళ్ళ మీద కనిపిస్తాయి.

ఈ ఊరికి పెనాల వల్ల కూడా పేరు వచ్చింది. ఓట్స్ ధాన్యపు రొట్టె కాల్చుకునే ఇనుప పెనాలు తయారుచేసే గుత్త హక్కును రాజు ఈ ఊరి కమ్మరులకు ఇచ్చాడు. ఇది విన్న తరువాతనే మా ఆవిడకు ఊరి మీద ఆసక్తి పుట్టింది. మేడ తోటలో పొట్టికాళ్ళ పాత జాతి కోళ్ళు నేలను రాసుకుంటూ తిరుగుతున్నాయి. వాటి ఫోటోలు తీస్తూ ఆమె అక్కడ ఉండిపోతే, నేను టౌన్ హౌస్ అని పిలిచే కచేరీ వైపు నడిచాను.

దాన్ని 1626లో కట్టారు. ముందున్న గంట గోపురం 1783లో చేర్చారు. ఎడమ నుంచి ఒక వరుస, కుడి నుంచి ఒక వరుస మెట్లు ఎక్కి వచ్చి వాకిలి ముందు కలుస్తాయి. మిగతా ఊరంతా ఎర్ర పెంకు, సున్నపు పూత కాగా ఇది మాత్రం బూడిదరంగు రాయి, నల్ల పలక కప్పు. కచేరీ అన్నది చుట్టుపక్కల ఇళ్ళ కంటే ఒక మెట్టు గంభీరంగా ఉండాలన్న సంగతి ఇక్కడి వాళ్ళకూ తెలుసు. నేల అంతస్తులో జైలు గది, పైన సభ గది, ఆ పైన అటక. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ తరఫున చూపించిన పెద్దావిడ, వయసు డెబ్బై పైనే ఉంటుంది, అటక వైపు వేలు చూపించి ఒక నిమిషం ఆగింది. మంత్రగత్తెలని పట్టుకొచ్చిన ఆడవాళ్ళను అక్కడ పెట్టేవారట. స్కాట్లండులో మంత్రగత్తెల చట్టం 1563 నుంచి 1736 దాకా అమలులో ఉంది, ఆ కాలంలో నాలుగు వేలకు దగ్గరగా జనం మీద ఆ నేరం మోపారు, వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. ఒప్పించే పద్ధతి చాలా సులువైనది: నిద్రపోనివ్వకూడదు. వంతులు వేసుకుని మేలుకొలుపుతూ కూర్చుంటే, మూడో రాత్రికో నాలుగో రాత్రికో మనిషి తనకు కనిపించినదంతా చెప్పేస్తుంది, దాన్ని గుమస్తా వాంగ్మూలంగా రాసుకుంటాడు. వాంగ్మూలాలు రాసిన చేతులు నావి కూడా కనుక నాకు ఆ అటక కంటే కింద కూర్చున్న గుమస్తా ఎక్కువగా కనిపించాడు.

వీధుల్లో నడిమి వరుస రాళ్ళు మిగతా వాటికంటే ఎత్తుగా ఉన్నాయి. మురుగు అటూ ఇటూ పారేది, నడుమ పొడిగా ఉన్న గట్టు మీద డబ్బున్నవాళ్ళు నడిచేవారు, లేనివాళ్ళు పక్కకు దిగి దారి ఇచ్చేవారు. వర్షం మొదలయ్యేసరికి మా కోసం ఎవరూ దిగలేదు గాని, ఆ గట్టు మీదనే నడిచి టీ దుకాణం చేరాము. రెండు టీలు, వెన్నా జామూ పెట్టిన, స్కోన్లు అనే చిన్న రొట్టెలు రెండు, మొత్తం పదమూడు పౌండ్లు. ఈ లెక్కను రూపాయల్లోకి మార్చవద్దని అమ్మాయి ముందే ఒట్టు వేయించుకుంది.

స్టర్లింగ్, గురు, శుక్రవారాలు

చూసిన వాటిలో నేను ఎక్కువసేపు గడిపినదీ, మళ్ళీ చూడాలనుకునేదీ స్టర్లింగ్ టోల్‌బూత్. స్టేషను నుంచి ఊరు మొత్తం కోట వైపు ఎక్కుతూ పోతుంది. పైకి పోయేకొద్దీ వీధి సన్నబడుతుందనుకుంటే, బ్రాడ్ స్ట్రీట్ దగ్గర ఒక్కసారిగా విశాలమవుతుంది. అదే పాత సంత. నడుమ సంత స్తంభం, దాని మీద ఒంటికొమ్ము గుర్రం బొమ్మ. ఊరివాళ్ళు ముద్దుగా దాన్ని పగ్గీ అంటారు.

టోల్‌బూత్ గోపురం ఆ వీధిలో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది. ఆరు అంచెలుగా పోయే చతురస్రపు రాతి గోపురం, పైన గంటలాగా నడుము సన్నబడే డచ్చి తరహా కప్పు. నమూనా ఇచ్చినవాడు సర్ విలియం బ్రూస్. హోలీరూడ్ రాజభవనాన్ని 1670లలో తిరిగి కట్టించినది కూడా ఆయనే. ఇక్కడి పని 1703లో మొదలై 1705లో ముగిసింది. రాజభవనాలు గీసిన చెయ్యి ఒక చిన్న ఊరి కచేరీకి వస్తే ఏమవుతుందో గోడ దగ్గరగా నిలబడితే తెలుస్తుంది. బురుజులు లేవు, తుపాకీ రంధ్రాలు లేవు. కిటికీలన్నీ ఒకే కొలతతో వరుస తప్పకుండా ఉన్నాయి, చెక్కిన రాళ్ళ మధ్య సందులో గోరు దూరదు. కానన్‌గేట్ భవనం జనానికి భయపడి కట్టినది, ఇది భయపెట్టవలసిన అవసరం లేదనుకుని కట్టినది. నడుమ గడిచిన నూరేళ్ళలో పట్టణ పెద్దల ధోరణి ఎంత మారిందో ఈ రెండు గోడలు చూస్తే చాలు.

ఊరు పెరిగి గది చాలక 1785లో వీధి వెంబడి పక్కకు పొడిగించారు. పొడిగించినవాడు బ్రూస్ కిటికీల తీరునే అనుసరించాడు, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. 19వ శతాబ్దం మొదటి దశాబ్దంలో రిచర్డ్ క్రిక్టన్ నమూనాతో వెనకవైపు కోర్టూ జైలూ కట్టారు. బ్రాడ్ స్ట్రీట్ నుంచి వెనక వీధికి పోయే సందు పేరు ఇప్పటికీ జైల్ విండ్. ఆ సందు పేరు చూసి ఇటే జైలు అనుకుని ఎక్కుతున్న మమ్మల్ని చూసి, కుక్కను నడిపిస్తున్న ఒకాయన ఆగి, మీరు టిక్కెట్టు కొని చూసే జైలు ఇంకా పైన ఉందనీ, అది 1847లో తెరిచిన కొత్తదనీ, పాతది మీ భుజం పక్కన ఉన్న గోడేననీ చెప్పాడు. వానలో అంతసేపు నిలబడి చెప్పి, మా ఆవిడకు గొడుగు పట్టుకునే కోణం కూడా సరిచేసి వెళ్ళాడు.

ఆ పాత జైలు దేశంలోకెల్లా అధ్వాన్నమైన వాటిలో ఒకటని పేరు పడింది. దొంగలూ పిచ్చివాళ్ళూ బాకీదారులూ అందరూ ఒకే చోట. బాకీదారుల సంగతి నాకు కొత్తది. అప్పిచ్చినవాడు కోర్టు ఉత్తర్వు తెచ్చి బాకీదారుణ్ణి టోల్‌బూత్‌లో పెట్టిస్తే, వాడు తప్పించుకుపోయిన పక్షంలో ఆ బాకీ పట్టణ మేజిస్ట్రేట్ల మీద పడేది. అంటే జైలు గోడ బలహీనమైతే ఊరి ఖజానాకు చిల్లు. జైలు మరమ్మతు మీద కౌన్సిళ్ళు చూపిన శ్రద్ధలో ఖైదీ మీది జాలి ఎంత, ఈ భయం ఎంత అన్నది ఆడిట్ చేసినవాడు సులువుగా పోల్చుకోగలడు.

వీధి వైపు గోడకు ఒక ఫలకం ఉంది. జాన్ బేర్డ్, ఆండ్రూ హార్డీ. ఇద్దరూ నేతపనివాళ్ళు. 1820 ఏప్రిల్‌లో ఓటు హక్కు కోసం, పని కోసం గ్లాస్గో చుట్టుపక్కల వేలాది నేతగాళ్ళు మగ్గాలు ఆపేశారు. కొందరు కారన్ ఇనుప కర్మాగారంలో ఆయుధాలు దొరుకుతాయని బయలుదేరారు. ఏప్రిల్ 5న బానీమ్యూర్ అనే బీడులో సైన్యం వాళ్ళను చుట్టుముట్టి పట్టుకుంది. రాజద్రోహం కింద విచారించి, సెప్టెంబరు 8న ఈ టోల్‌బూత్ ముందు, ఈ ఫలకం ఉన్న చోటికి ఎదురుగా, బేర్డ్‌నూ హార్డీనీ ఉరితీసి తరువాత తలలు నరికారు. మిగిలినవాళ్ళలో చాలామందిని ఆస్ట్రేలియాకు పంపేశారు. ఫలకం కింద ఎవరో ఎండిన పువ్వులు వదిలి వెళ్ళారు. గ్లాస్గోలో పుట్టిన మరొకడు సరిగ్గా అదే సంవత్సరం మద్రాసు గవర్నరుగా ఓడ దిగాడు. ఆయన సంగతి తరువాత చెబుతాను. ఈ వీధిలో చివరి ఉరి 1843లో జరిగింది.

భవనం చాలాకాలం పాడుపడి, 2000ల మొదట్లో రిచర్డ్ మర్ఫీ సంస్థ చేతుల్లో సంగీత నాటక కేంద్రంగా మారింది. పాత రాతిని పాతదానిగానే వదిలేసి, కొత్తగా కావలసిన మెట్లూ నడవలూ గాజుతో, ఉక్కుతో చేశారు. పాతదాన్ని అనుకరించే ప్రయత్నం ఎక్కడా లేదు. వెనకటి కోర్టు హాలు ఉన్న చోట ఇప్పుడు కచేరీలు జరుగుతాయి, మనం పాట కచేరీ అంటామే, అవి. గురువారం రాత్రి పద్నాలుగు పౌండ్ల టిక్కెట్టు కొని కూర్చున్నాము. రెండు ఫిడేళ్ళు, ఒక అకార్డియన్. రెండో పాటకు జనం కాళ్ళతో నేల మీద తాళం వేయడం మొదలుపెట్టారు. పక్కసీటులోని ముసలావిడ మా ఆవిడ కాళ్ళు కదలకపోవడం గమనించి మోచేత్తో పొడిచింది. విశ్రాంతి వేళలో మెట్ల దగ్గర ఒక గోడను తడిమి చూశాను. కొత్త ఉక్కు కమ్మీ రాతిని తాకకుండా వేలెడు దూరంలో ఆగిపోయింది, ఆ సందులోంచి పాత రాతి మీది ఉలి గాట్లు, వంపుగా, చేతి వాటం తెలిసేటట్టుగా కనిపిస్తాయి. మన దగ్గర పాత కలెక్టరు కార్యాలయాలకు మరమ్మతు పేరుతో టైల్సు అతికించి, గులాబీ రంగు వేసే ఇంజనీర్లను ఒక్కసారి ఇక్కడికి పంపాలి.

బస చేసిన ఇంటి యజమానురాలు పొద్దున ఉపాహారంలో బంగాళాదుంప రొట్టె పెట్టింది. ఉడికిన దుంప, పిండి, వెన్న కలిపి పలచగా వత్తి పెనం మీద కాల్చినది. మా ఆవిడ రెండు అడిగి తిన్నది, అందులోకి మేము తెచ్చుకున్న ఉసిరికాయ పచ్చడి ఇంకా బాగుంది. యజమానురాలు చెంచా కొసన తీసుకుని రుచి చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగినా, మర్యాద కోసం బాగుందన్నది. మధ్యాహ్నం నేను పొగబెట్టిన హాడక్ చేప, పాలు, దుంపలతో చేసే కలెన్ స్కింక్ అనే చారు తాగాను. చలిలో అంతకంటే కావలసినది లేదు. ఎనిమిది పౌండ్లు, రొట్టెతో కలిపి.

శుక్రవారం సాయంత్రం పైకి నడిచి, 1570లలో మార్ ప్రభువు కట్టించిన మేడ ముందు గోడ చూశాము. మిగిలింది ఆ ముఖం ఒక్కటే, దాని నిండా బొమ్మలు. కోట చూడలేదా అని తరువాత అందరూ అడిగారు. మా ఆవిడ చూసింది, ఆమెను అడిగితే చెబుతుంది.

గ్లాస్గో, శనివారం

గ్లాస్గో క్రాస్ అన్నది ఐదు వీధులు కలిసే కూడలి. దాని నడుమ, బస్సులు చుట్టూ తిరిగిపోతుండగా, ఒక గోపురం ఒంటరిగా నిలబడి ఉంటుంది. 1620లలో జాన్ బాయ్డ్ కట్టిన టోల్‌బూత్‌లో మిగిలిన భాగం అది. ఏడు అంతస్తులు, 126 అడుగుల ఎత్తు, పైన రాతి కమానులు కలిసి కిరీటమయ్యే శిఖరం. అలాంటి కిరీటమే ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ మీద చూశాము. ఈ గోపురాన్ని ఆనుకుని ఒకప్పుడు సభ, కోర్టు, జైలు ఉండేవి. 1814లో కోర్టూ జైలూ దిగువన సాల్ట్‌మార్కెట్ వీధి చివరికి పోయాయి, ఆ స్థలంలో లేచిన తరువాతి కట్టడాన్ని 1921లో కూల్చివేశారు. తలుపుకు తాళం, కిటికీ అంచుల్లో మొలిచిన మొక్కలు, మెట్టు మీద ఎవరో వదిలేసిన చిప్స్ పొట్లం. స్టర్లింగ్ చూసి వచ్చిన కళ్ళకు ఇది బాధ కలిగించింది. గోపురం కచేరీకి గుర్తు మాత్రమే, కచేరీ కాదు. మెట్లు లేకుండా, గది లేకుండా, గుర్తును మాత్రం ఉంచుకోవడం నాకు నచ్చలేదు. కూడలి పక్కన ఉన్న సంత స్తంభం కూడా కొత్తదే. పాతది పోతే 1930 ప్రాంతంలో ఎడిత్ బర్నెట్ హ్యూస్ అనే మహిళా ఆర్కిటెక్టు నమూనాతో కట్టారు, అది మాత్రం ముచ్చటగా ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ గోపురం ముందున్న చదును రాళ్ళ నడవ వర్జీనియా పొగాకు వ్యాపారుల సొంతం. ఎర్రటి అంగీలు, బంగారు పిడి కర్రలతో వాళ్ళు పచార్లు చేస్తుంటే మామూలు జనం పక్కకు తప్పుకునేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి ఆ వ్యాపారం కుప్పకూలింది. కూలినవాళ్ళలో అలెగ్జాండర్ మన్రో ఒకడు. 1761లో ఈ ఊళ్ళో పుట్టిన ఆయన కొడుకు థామస్, చదువు ఆపి, 1780లో మద్రాసు సైన్యంలో చేరడానికి ఓడ దిగాడు. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు, రైత్వారీ పద్ధతిని నిలబెట్టినవాడు, 1820 నుంచి గవర్నరు, 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయినవాడు ఆయనే. మొదట పాతిపెట్టినది మా గుత్తిలో. మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళు ఉండేవి.

ఆ రోజు కూడలిలో నిలబడి నేను ఆలోచించినది ఇది. మద్రాసులో జిల్లా జడ్జీల చేతుల్లో ఉన్న మేజిస్ట్రేటు అధికారాన్నీ పోలీసు పెత్తనాన్నీ 1816 రెగ్యులేషన్లతో కలెక్టరుకు మళ్ళించడం వెనక ఉన్నవాడు మన్రో. పన్ను వసూలు చేసేవాడే శాంతిభద్రతలు చూడాలి, తాలూకాలో తహశీల్దారే పోలీసు పెద్ద. అది గ్లాస్గో టోల్‌బూత్ చూసి నేర్చుకున్నాడని నేను అనను. వసూలూ పోలీసు పనీ కలిపి చూసిన మనదేశపు పాత అమలుదార్ల పద్ధతిని తాను తిరిగి నిలబెడుతున్నాననే ఆయన వాదించాడు. కాని సుంకం, తీర్పు, తాళం ఒకే కప్పు కింద ఉన్న ఊళ్ళో పెరిగినవాడికి, ఆ ఏర్పాటు వింతగా తోచకపోవడంలో వింత లేదు. అల్లుడు ఇదంతా ఓపికగా విని, "మామా, ఆకలేస్తున్నాది" అన్నాడు.

పక్కవీధిలో చతురస్రపు సాసేజీ పెట్టిన రొట్టె అతనూ, గుడ్డు పెట్టిన రొట్టె మేమూ తిన్నాము. ముగ్గురికీ కలిపి పదకొండు పౌండ్లు. కౌంటరు వెనకావిడ మా ఆవిడను వరసకు చెల్లెల్లా పిలిచి, చీర మీది జరీని వేలితో తాకి చూసి, అదనంగా ఒక బిస్కెట్టు చేతిలో పెట్టింది. తరువాత సాల్ట్‌మార్కెట్ దిగి, విలియం స్టార్క్ నమూనాతో కట్టిన కోర్టు ముందరి గ్రీకు స్తంభాలు చూశాము. ఇప్పటికీ అక్కడ హైకోర్టు క్రిమినల్ విచారణలు జరుగుతాయి. నగర సభ జార్జ్ స్క్వేర్‌లోని 1888 నాటి భవనానికి పోయింది, ఖైదీలు 1882 నుంచి ఊరి తూర్పున బార్లినీ జైలుకు పోతున్నారు.

మరి వసూలు ఎక్కడికి పోయిందని అడిగితే అల్లుడు ఫోను తీసి తన కౌన్సిల్ టాక్స్ బిల్లు చూపించాడు. ఇంటి విలువను బట్టి తరగతి, అదే బిల్లులో నీటి పన్నూ మురుగు పన్నూ, పది నెలసరి వాయిదాలు. కట్టకపోతే ఏమవుతుందని అడిగాను. షెరిఫ్ కోర్టు అనే స్థానిక కోర్టు వారంటు ఇస్తుంది, బకాయి మీద పది శాతం అదనంగా పడుతుంది, తరువాత జీతం నుంచో బ్యాంకు ఖాతా నుంచో పట్టుకుంటారు. కాని ఇంగ్లండులో లాగా ఇక్కడ దానికి జైలు లేదన్నాడు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం 48వ సెక్షన్ కింద మొండి బకాయిదారుణ్ణి అరెస్టు చేసి ఖైదులో పెట్టే అధికారం కలెక్టరుకు ఇప్పటికీ ఉన్నదని నేను చెబితే అతను నమ్మలేదు. ఇంటికి వెళ్ళేదారిలో బస్సులో కూర్చుని సెక్షన్ మొత్తం వెతికి చదివి వినిపించాను.